పట్టాల పక్క పల్లె: పాఠకుల ప్రశ్నలు, డ్రాయింగు టీచరు జవాబులు

విజయనగరం–పలాస లైనును కంప్యూటర్లో కడుతున్నానని కిందటి నెల రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. కొత్తగా చదివేవారి కోసం రెండు ముక్కలు. ట్రైన్ సిమ్యులేటర్ అంటే కంప్యూటర్లో రైలు నడిపే కార్యక్రమం. అందులో పట్టాలు, స్టేషన్లు, పొలాలు, ఊళ్లు మనమే కట్టుకోవచ్చు. అలా కట్టినదాన్ని రూటు అంటాం. నేను వాడేది ఓపెన్ రైల్స్. డబ్బు కట్టక్కర్లేదు. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ట్రైన్ సిమ్యులేటర్ కోసం తయారైన రూట్లు కూడా అందులో నడుస్తాయి. ఇక నా సంగతి. మా నాన్న రైల్వే గేట్‌మ్యాన్. పొందూరుకీ దూసికీ మధ్య ఒక గేటు పక్క క్వార్టర్సులో పెరిగాను. బొమ్మలు వేయడం అక్కడే వచ్చింది.

ప్రశ్న: మేడమ్ గారూ, నౌపడ నుంచి కోటబొమ్మాళి దాకా రూటు కట్టాను. పట్టాలు, సిగ్నళ్లు బాగా కుదిరాయి. చెట్లు మాత్రం ఎన్ని వేల పెట్టినా పల్లెటూరులా అనిపించడం లేదు, పచ్చ తివాచీ పరిచినట్టుంది. పైగా కంప్యూటరు నత్తలా నడుస్తోంది. ఎక్కడ తప్పు చేశాను? (డిగ్రీ విద్యార్థి, టెక్కలి)

జవాబు: తమ్ముడూ, మీరు పంపిన బొమ్మలు నాలుగూ చూశాను. పట్టాల పని చాలా శ్రద్ధగా చేశారు. చెట్ల దగ్గర కాదు, అంతకంటే ముందు, నేల దగ్గరే తప్పు మొదలైంది.

ఈ రూట్లలో నేల 2048 మీటర్ల చదరాలుగా ఉంటుంది. ఒక్కో చదరంలో మళ్లీ 128 మీటర్ల ముక్కలు. ఒక్కో ముక్క మీద ఒక నేల బొమ్మ పరుస్తాం. మీరు అన్నిటికీ ఒకే గడ్డి బొమ్మ పరిచారు. 110 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు 128 మీటర్లు దాటడానికి నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. అంటే ప్రతి నాలుగు సెకన్లకూ అదే మరక, అదే గడ్డి దుబ్బు కంటి ముందుకొస్తాయి. మీకు తివాచీలా కనిపించింది అదే. దాని మీద ఎన్ని చెట్లు నాటినా అది దాగదు.

చెట్లన్నీ తీసేయండి. ఖాళీ నేల మీద ముందు నీటిని నడిపించండి. మా నాన్న వాన వెలిసిన ప్రతిసారీ గేటు దగ్గర నిలబడి, "ముందు నీరెటెల్తాదో సూడమ్మా, ఊరెక్కడుండాల్నో అదే సెప్తాది" అనేవాడు. నీరు పల్లమెరుగు అన్న సామెత మనకు తెలిసిందే. మన జిల్లాల్లో పొలం ఆ సామెత ప్రకారమే పుట్టింది. ఎత్తున ఎర్రమట్టి గరువు. అక్కడ జీడి, మామిడి, వేరుశనగ, గోగు. దాని కిందికి వస్తే చెరువు గట్టు, గట్టు మీద తాళ్లు, అంటే తాడి చెట్లు. గట్టు దిగితే పల్లం, అంటే వరి మళ్లు. అన్నిటికంటే కింద గెడ్డ, అంటే చిన్న ఏరు, దాని ఒడ్డున తుంగ, మొగలి పొదలు. ఊరు ఎప్పుడూ గరువుకూ పల్లానికీ సందులో, ముంపు తగలని చోట ఉంటుంది. ఈ వరస తప్పకపోతే వంద చెట్లతోనే పల్లె కనిపిస్తుంది. వరస తప్పితే లక్ష పెట్టినా తోటలాగే ఉంటుంది.

నేనూ మొదట ఇక్కడే దెబ్బ తిన్నాను. నేల ఎత్తుల కోసం అందరిలాగే నాసా లెక్కలు తెచ్చుకున్నాను. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచినవి, సుమారు 30 మీటర్లకో బిందువు. కొండలకు అవి బంగారం. పల్లానికి మాత్రం పనికిరావు. రాడార్ కొలిచింది ఉత్త నేలను కాదు, చెట్ల తలల్ని కూడా. తోట ఉన్న చోట నేల నాలుగైదు మీటర్లు లేచిపోయింది. మన పల్లపు మళ్లలో అసలు వాలు కిలోమీటరుకు ఒకటి రెండు మీటర్లుంటే గొప్ప. ఆ లెక్కల్లో తప్పే అంతకంటే ఎక్కువ. దూసి దగ్గర నాగావళిలో నీరు పెట్టగానే ఏటి మధ్య లేని దిబ్బలు మొలిచాయి, ఒడ్డున వరి మళ్లు మునిగిపోయాయి. మూడు నెలల పని. చివరికి పట్టాలకు రెండు వైపులా అర కిలోమీటరు మేర ఎత్తులన్నీ చెరిపేసి చేత్తో దిద్దాను. ఏ మడిలో నీరు నిలిచేదో, ఏ తూము కింద నుంచి అవతలికి పోయేదో నాకు గుర్తున్నంత మేరకు గుర్తుతోనే దిద్దాను. గుర్తు లేనిచోట ఊరికి వెళ్లి రైతుల్ని అడిగాను.

ఇంకొకటి. ఎత్తు బిందువులు నేలలో 8 మీటర్లకొకటి ఉంటాయి. మడి గట్టు వెడల్పు మూరెడు. అది నేలలో పలకదు. అందుకని దూరపు గట్లను నేల బొమ్మలోనే గీయండి. పట్టాలకు నలభై యాభై మీటర్ల లోపల ఉన్నవాటిని మాత్రం సన్నటి వస్తువుగా చేసి పరవండి. పొరపాటున కూడా గట్లు తిన్నగా గీయొద్దు. మడి గట్టు వాలును బట్టి వంగుతుంది. వాలు ఉన్నచోట మళ్లు చిన్నవి, చదునులో పెద్దవి.

పట్టాల పక్కనే ఇంకో నీరు ఉంది, చాలామంది మరచిపోతారు. మన ప్రధాన లైను 1893–1896 మధ్య పడింది. కట్ట పోయడానికి మట్టి పక్కనే తవ్వారు. ఆ గుంతలు ఇప్పటికీ లైను వెంట సన్నటి పొడుగాటి మడుగుల్లా ఉన్నాయి. కలువలు, గుర్రపుడెక్క, ఒంటికాలి మీద కొంగ, మెడ దాకా మునిగిన గేదెలు. మా గేటు పక్క గుంతలో నేను ఈత నేర్చుకున్నాను. అవి పెట్టి చూడండి, మీ లైనుకు ఒక్కసారిగా వందేళ్ల వయసు వస్తుంది.

ప్రశ్న: విజయనగరం నుంచి గజపతినగరం, బొబ్బిలి మీదుగా పార్వతీపురం రూటు మొదలుపెట్టాను. అన్ని కాలాలూ చూపించాలా? ఒక్కటి చాలా? (బొబ్బిలి నుంచి ఒక మెకానిక్)

జవాబు: ఒక్కటి చాలండీ. ఒక్క కాలం కాదు, ఒక్క పక్షం ఎంచుకోండి. "వర్షాకాలం" అంటే పొలం ఏమీ చెప్పదు. జూలై చివర అంటే నారుమళ్లు ముదురు పచ్చ, దమ్ము చేసిన మళ్లు బురద రంగు, ఉభాలు, అంటే నాట్లు, అయిన మళ్లు నీళ్లలో పచ్చ చుక్కలు. ఆ మూడూ పక్కపక్కన ఉంటాయి. ఒకే రైతు మళ్లు కూడా ఒకే రోజు నాటుకోవు.

నేను డిసెంబరు మొదటి పక్షం తీసుకున్నాను. ఒక మడి పండి వంగి ఉంటుంది, పక్కది కోసి పనలు పరిచి ఉంటుంది, ఆ పక్కది కుప్ప వేసి ఉంటుంది. కోసిన మళ్లలో వరి దుబ్బుల సందున పెసర, మినుము అప్పుడే మొలిచి లేతపచ్చ తేలుతుంది. నాలుగు రంగులు ఒకే చూపులో దొరుకుతాయి. మీ వైపయితే ఫిబ్రవరి–మార్చి కూడా బాగుంటుంది. పార్వతీపురం దగ్గరకు వచ్చేసరికి కొండ వారల్లో మోదుగ ఎర్రగా పూస్తుంది, ఆకు ఒక్కటీ ఉండదు. మామిడి పూత, చెరకు నరికిన చేలు. గోగు చూపించాలంటే మాత్రం వెనక్కి, వానలు వెనకబట్టే రోజులకు రావాలి. కట్టలు చెరువులో ఊరబెట్టి, నార ఒలిచి, గట్ల మీద దండేల మీద ఆరేస్తారు. పుల్లలు గుడారాల్లా నిలబెడతారు. గోగు చేలు ఇదివరకటి కంటే తగ్గిపోయాయి కాబట్టి ఒక్క చెరువు దగ్గర పెడితే చాలు.

మీరు రాయలేదు గానీ, వెలుగు గురించి కూడా చెప్పేస్తాను. మనకు సముద్రం తూర్పు, కొండలు పడమర. పొద్దున సముద్రం వైపు నుంచి వెలుగొస్తే కొండలు ముదురు నీలంగా కాదు, మెత్తగా, గోధుమ రంగు కలిసి కనిపిస్తాయి. సాయంత్రం వాటి వెనకే పొద్దు గుంకుతుంది కాబట్టి అంచు తప్ప మరేమీ కనబడదు. రూటు మొత్తం కట్టేదాకా ఆగకుండా, ఒక్క కిలోమీటరు కట్టగానే పొద్దున ఏడింటికీ సాయంత్రం ఐదింటికీ రైలు నడిపి చూసుకోండి.

ప్రశ్న: తాడి చెట్టు నాకు లొంగడం లేదు. అట్టముక్క నిలబెట్టినట్టు వస్తుంది. (పేరు వద్దన్నారు, ఆమదాలవలస)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మన రూటులో అన్నిటికంటే ఎక్కువసార్లు ఆకాశానికి ఆని కనిపించేది తాడే.

చింత, వేప అయితే రెండు బొమ్మలు అడ్డంగా నిలువుగా దూర్చి నిలబెడితే సరిపోతుంది. గుబురు కనక కన్ను మోసపోతుంది. తాడికి అది చెల్లదు. సన్నటి మాను, పైన గుండ్రటి తల. రైలు కదులుతుంటే మాను ఒకసారి లావుగా, ఒకసారి గీతలా మారిపోతుంది. అందుకని మానును ఆరు పలకల స్తంభంగా, మూడు కణుపులుగా చేయండి. కంప్యూటరు ప్రతి రూపాన్నీ త్రిభుజాలతోనే కడుతుంది, ఈ మానుకు ముప్పై ఆరు చాలు. తలకు పది ఆకులు, ఒక్కో ఆకుకు రెండేసి చొప్పున ఇరవై. మొత్తం అరవై లోపే. 150 మీటర్లు దాటాక ఎలాగూ ఎవరూ చూడరు, అక్కడి నుంచి మామూలు అడ్డం–నిలువు బొమ్మకు మార్చేయండి. ఇలాంటి రూపాలు చేసే బ్లెండర్ అనే కార్యక్రమంలో అరగంట పని.

ఇక రూపం. కాగితం ముందు పెట్టుకుని ఇలా వేయండి. మాను అడుగున కొంచెం లావు, వేళ్లు బుడిపెల్లా కుచ్చు కట్టి ఉంటాయి. రంగు నలుపు కాదు, తడిసిన బూడిద రంగు. వాన పడిన వైపు నలుపు. ఆకు విసనకర్ర ఆకారం, అంచులు చీలి ఉంటాయి, చివర్లు వంగుతాయి. తల కింద ఎండు మట్టలు రెండు మూడు వేలాడాలి. అవి లేకపోతే చెట్టు బజారులో కొన్న బొమ్మలా ఉంటుంది. ఊరికి దగ్గరున్న తాళ్లకు ఆకు కోసేస్తారు, ఇంటి కప్పుకో పందిరికో. వాటికి తల చిన్నది, నాలుగైదు లేత ఆకులు నిక్కబొడుచుకుని ఉంటాయి. ఊరికి దూరంగా పోయేకొద్దీ తల నిండుతుంది. కాబట్టి కనీసం మూడు రకాలు చేయండి: నిండు తాడి, ఆకు కోసిన తాడి, మాను ఇంకా లేవని పిల్ల తాడి. ఒకటి రెండింటికి గిజిగాళ్ల గూళ్లు వేలాడదీయండి.

తాళ్లను గుంపుగా వేయకండి. గట్టు వెంట వరసగా ఉంటాయి, కానీ ఒకే దూరంలో కాదు. ఒకటి పడిపోయిన ఖాళీ ఉంటుంది. అన్నీ గడకర్రల్లా నిలువుగా ఉండవు, ఏదో ఒకటి పక్కకు ఒరుగుతుంది.

ఆకు చుట్టూ తెల్లటి అంచు వస్తోందని కూడా రాశారు. మీ బొమ్మలో కనిపించని భాగమంతా తెలుపుతో నిండి ఉంది. దూరం నుంచి కంప్యూటరు బొమ్మను కుదించేటప్పుడు ఆ తెలుపు ఆకు అంచులోకి కలుస్తుంది. కనిపించని భాగాన్ని కూడా ఆకుపచ్చతో నింపండి, పోతుంది.

ప్రశ్న: ఫొటోల కోసం పట్టాల వెంట నడవవచ్చా? ఎంత దూరం అనుమతిస్తారు? (చీపురుపల్లి)

జవాబు: వద్దు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. చట్టం సంగతి అటుంచి, గేటు ఇంట్లో పుట్టినదాన్ని. చెవిలో ఫోను పెట్టుకుని రెండో లైను మీద బండి రావడం వినని మనుషుల్ని చూశాను. ఆ సంగతి ఇంతకంటే రాయలేను. ప్యాసింజరు బండి ఎక్కి కిటికీ దగ్గర కూర్చోండి. వెళ్లేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు రెండో వైపు వీడియో తీయండి. స్తంభాల మీద కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం వరస అంకె ఉంటాయి. అవి వీడియోలో పడితే ఏ చింతచెట్టు ఎక్కడిదో ఇంటికొచ్చి లెక్క కట్టుకోవచ్చు. తిన్నని లైనులో కరెంటు స్తంభాల మధ్య దూరం ఎక్కువలో ఎక్కువ 72 మీటర్లు, దాన్నే కొలబద్ద చేసుకోండి.

కిటికీలోంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. రైలుకు చాలా ఊళ్లు వీపే చూపిస్తాయి. రామమందిరం, అరుగులు, ముగ్గులు అటు వైపు వీధిలో ఉంటాయి. మనకు కనిపించేది పెరడు. గడ్డి కుప్ప, పెంట కుప్ప, పశువుల సాల, మునగ చెట్టు, రేకుల స్నానాల గది, దండెం మీద చీరలు. సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇళ్లు గోడకు గోడ కలిపి బారుగా ఉంటాయి, వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. వాటి పెరళ్లన్నీ ఒకే వరసలో వస్తాయి. ఒక ఇల్లు చేసి, కప్పు రంగు మార్చి, పది అతికించండి. పెరళ్లు మాత్రం పదీ పది రకాలుగా ఉండాలి.

ప్రశ్న: నౌపడ–గుణుపురం చిన్న రైలును, మా అమ్మమ్మ ఎక్కినప్పటిలా కట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (పాతపట్నం)

జవాబు: తప్పకుండా కట్టండి తల్లీ. అది పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో మొదలైంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. పెద్ద లైనుకు 1676. 2004లో పాత లైను ఆపి గేజి మార్చారు. 2011 నాటికి పెద్ద బండ్లు గుణుపురం దాకా వెళ్లాయి.

ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద గీత గీయకండి. పెద్ద లైనుకు పెద్ద వంపులు కావాలి, పాత చిన్న రైలు వంపులు అందులో కనిపించవు. అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీసు 1950లలో మన దేశానికి 1:250,000 పటాలు వేసింది. అవి అందరికీ దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టండి. తర్వాత అమ్మమ్మగారి వయసువాళ్లను అడగండి. ఏ మలుపులో ఏ చెట్టు కిటికీకి తగిలేదో వాళ్లు చెబుతారు. చిన్న లైనుకు కట్ట తక్కువ, అందుకే కిటికీలోంచి పొలం మోకాలెత్తున కనిపించాలి. పెద్ద లైను మీద నుంచి చూసినట్టు పైనుంచి కాదు.

నౌపడ ఉప్పు మళ్లు మరువకండి. వరి మడి గట్టు వంగుతుందని పైన చెప్పాను, ఉప్పు మడి గట్టు మాత్రం తిన్నగానే ఉంటుంది. చదరాలు చదరాలుగా ఆకాశం నేల మీద పడి ఉంటుంది, గట్ల మీద తెల్లటి గుట్టలు. వానాకాలం వెళ్లే రోజుల్లో కడితే దగ్గర్లోని తేలినీలాపురానికి వచ్చే పెలికాన్లు రెండు మూడింటిని పైన ఎగరేయండి.

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. సెలవులన్నీ ఈ రైళ్లతోనే. చదువు పాడవుతుందేమోనని భయం. (రాజాం నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఉత్తినే బండి నడుపుతున్నాడా, రూటు కడుతున్నాడా చూడండి. కడుతుంటే ఆదివారం పొద్దున పుస్తకం, పెన్సిలు ఇచ్చి ఊరి చెరువు దగ్గరకు పంపండి. తూము ఎక్కడుంది, ఏ మళ్లకు ముందు నీరు వెళ్తుంది, గట్టు మీద ఎన్ని తాళ్లు, అన్నీ గీసుకు రమ్మనండి. వాడు గీసినది నాకు పంపండి. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఇలాగే తెచ్చిన పటాల్లో మూడు చెరువులు నా రూటులో ఉన్నాయి. రాత్రి పది దాటాక మాత్రం కంప్యూటరు కట్టేయించండి, ఆ విషయంలో మీదే పై మాట.

ప్రశ్న: మాది ఉద్దానం, కొబ్బరి, జీడి తోటల సీమ. మందస రోడ్డు, బారువ స్టేషన్ల మధ్య కడుతున్నాను. కొబ్బరి తోటలు తిత్లీ తుపానుకు ముందున్నట్టు పెట్టనా, తర్వాత ఉన్నట్టా? ముందున్నట్టు పెడితే అబద్ధం, తర్వాతలా పెట్టాలంటే చేతులు రావడం లేదు. (మందస మండలం నుంచి ఒక యువకుడు)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత నేను మీ వైపు వచ్చినప్పుడు రైలు కిటికీలోంచి మహేంద్రగిరి మొత్తం కనిపించింది. ఇదివరకు కొబ్బరి తలల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపించే కొండ అది. అంత విశాలంగా కనిపించడం నాకు నచ్చలేదు.

రెండూ నిజమే, ఏ సంవత్సరమో ముందు రాసుకోండి. 2018 సెప్టెంబరు అని పెట్టుకుంటే నిండు తోట అబద్ధం కాదు. అప్పటిది అదే. మా గేటు కూడా ఇప్పుడు లేదు, అక్కడ పట్టాల కింద నుంచి దారి వేశారు. నా రూటులో మాత్రం గేటుంది, మా నాన్న పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రూటు సంవత్సరం 1994 అని మొదటి పేజీలోనే రాశాను.

తుపాను తర్వాతది కట్టాలనుకుంటే చెట్టు ఎత్తే తేదీ చెబుతుంది. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. కాబట్టి 2020 అయితే మనిషి ఎత్తు మొక్కలు, వాటి మధ్య అక్కడక్కడా మిగిలిన పొడుగు చెట్లు, తల విరిగిన మోళ్లు. జీడి చెట్లు వేళ్లతో లేచి పడ్డ చోట గుంతలు, పక్కనే కొత్త చిగుళ్లు. ఇళ్ల మీద పాత పెంకుల మధ్య కొత్త రేకులు.

మీ తాతగారి తోటలో నిలిచిన చెట్లు ఎన్నో, ఏ మూల ఉన్నాయో ఆయన్నే అడిగి కాగితం మీద గుర్తు పెట్టించుకోండి. మిగతా ఉద్దానమంతా ఒక్కసారే బోలెడు చెట్లు నాటే తోట పనిముట్టుతో పరిచినా, ఆ ఒక్క తోటలో ప్రతి చెట్టూ మీ చేత్తో పెట్టండి. పెట్టాక బండిని అక్కడ ఆపి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.